వదిన ఏడ్చే చోటు

మా పెద్ద మేనల్లుడు పోయిన పదకొండో రోజు, వచ్చిన చుట్టాలందరూ అన్నాలు తిని బయల్దేరాక, వాడి తల్లి, మా వదిన, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మంచాన ఉన్న చిన్నవాణ్ణి పక్కకి తిప్పడానికి లోపలికి వెళ్లింది. అప్పటికి ఆమె కంట ఒక్క చుక్క నీరు రాలేదు. బస్సు కోసం నడుస్తూ ఆడవాళ్లు ఆ సంగతే మాట్లాడుకున్నారు. "గుండె రాయైపోయింది పాపం" అంది ఒకామె. "ఒక బరువు దిగిందిలే అనుకుంటాందేమో" అంది ఇంకొకామె. వాళ్ల వెనకే నడుస్తున్న నేను రెండు మాటలూ విన్నాను. రెండూ నిజం కాదని చెప్పాలనిపించింది. కానీ నిజం ఏమిటో నాకూ తెలియదు.

మాది మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున ఒక పాళెం. మా నాయన వేటకు పోయేవాడు, ఆయన తర్వాత మా అన్న. ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనొక్కదాన్నే. ఇప్పుడు నెల్లూరులో తెలుగు టీచరుగా పని చేస్తున్నాను. వదిన మాకు పరాయిది కాదు, మా మేనమామ కూతురు. అన్నకు సంబంధాలు చూస్తున్నప్పుడు నాకు పద్నాలుగేళ్లు. "వదినంటూ వస్తే ఆమే రావాల, ఇంకెవురొచ్చినా నేను అన్నం తినను" అని రెండు రోజులు మొండికేశాను. మా అమ్మ నవ్వి, తమ్ముడింటికి వెళ్లి మాట్లాడి వచ్చింది.

అప్పుడు వదినకు పద్దెనిమిది. ఆమె నవ్వితే పక్కింటి వాళ్లు ఏమైందోనని గోడ మీదుగా తొంగి చూసేవాళ్లు. నేను నెల్లూరు కాలేజీకి వెళ్లే రోజుల్లో తెల్లారేసరికి నా జడ వేసి, క్యారియర్లో చేప ముక్కలు ముళ్లు తీసి మరీ సర్దేది. "పట్నం పిల్లల ముందర ముళ్లు ఊసుకుంటా కూర్చుంటావా అమ్మణ్ణీ?" అనేది. పెళ్లయి వెళ్లాక కూడా నేను చాలాకాలం చేపలో ముళ్లు తీసుకోవడం సరిగ్గా నేర్చుకోలేదు.

వాళ్లకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు పదిహేనేళ్ల వయసులో నేల మీద నుంచి లేవాలంటే తొడల మీద చేతులు ఆనించి, తన ఒంటిని తానే ఎగబాకుతున్నట్టు లేవడం మొదలుపెట్టాడు. బస్సు మెట్టు ఎక్కలేక బడి మానేశాడు. నెల్లూరు, తిరుపతి, చెన్నై తిరిగారు. కండరాల జబ్బు అన్నారు. మందు లేదన్నారు. నాలుగేళ్లకి పాపకి, ఆ తర్వాత చిన్నవాడికి అదే మొదలైంది. తెలివికీ మాటకీ ఏ లోటూ లేదు. ముందు కాళ్లు, తర్వాత చేతులు, ఆఖరికి ఊపిరి పీల్చే కండరాలు కూడా సన్నగిల్లుతాయట. చెన్నైలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "మేనరికమా?" అని. అన్నా వదినల వెనక నేనూ ఉన్నాను. వదిన తల ఊపింది. నేను కిందికి చూస్తూ నిలబడ్డాను.

పెద్దవాడు ముప్పై ఆరేళ్లు బతికాడు. కిటికీ పక్కన మంచం వేయించుకుని, ఫోనులో గాలీ అలల సంగతీ చూసి వేటకు పోయేవాళ్లకు చెప్పేవాడు. సాయంత్రమైతే కిటికీ దగ్గర మనుషులు ఆగేవాళ్లు.

"రేపు ఎట్టుంటాదిరా గాలి?"

"పొద్దున పదిదాకా ఫర్వాలా మామా. ఆ తర్వాత తిరగబడతాది, ఆలోపే వచ్చేయండి."

ఒక వానాకాలం వాడికి జలుబు చేసింది. గట్టిగా దగ్గడానికి ఒంట్లో శక్తి లేదు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి, అయిదో రోజు పొద్దున పోయాడు.

ఆ తర్వాత నేను ప్రతి ఆదివారం పాళేనికి వెళ్లడం మొదలుపెట్టాను. ఓదార్చడం నాకు చేతనవుననే అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెప్పిన నోరు కదా. మొదటి ఆదివారం వదిన చెయ్యి పట్టుకుని, "మిగిలిన ఇద్దరి కోసమన్నా గుండె దిటవు చేసుకో వదినా" అన్నాను.

ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "దిటవుగానే ఉండా గదమ్మా. ఇంకా ఎంత దిటవు కావాల మీకు?" అంది.

రెండో వారం రెండు రకాల కూరలు, పప్పు, పచ్చడి వండి క్యారియర్లో పట్టుకెళ్లాను. ఆమె కాదనలేదు, అందరికీ వడ్డించింది. నేను వచ్చేటప్పుడు గిన్నెలు కడిగి ఇస్తూ, "కూర బాగుండాది. కానీ అమ్మణ్ణీ, నాకు వండుకునే తీరిక ఉండాది. కూర్చునే తీరికే లేదు" అంది. ఆ మాటను నేను అప్పుడు ఫిర్యాదు అనుకున్నాను. దాంట్లో నేను చేయగలిగిన పని ఉందని తోచలేదు.

అసలు సంగతి చెప్పింది పాప. దానికి ముప్పై మూడేళ్లు, అయినా మాకందరికీ పాపే. నాలుగో ఆదివారం దానికి తల దువ్వుతున్నాను. వదిన పెరట్లో దుప్పట్లు ఉతుకుతోంది. పాప తల తిప్పకుండానే గొంతు తగ్గించి అంది:

"అత్తా, మాయమ్మ ఏడవడంలా."

"ధైర్యం గల మనిషి గదా మీ అమ్మ."

"ధైర్యం కాదత్తా. మేముండాం. మా ముందర ఏడవలేదు. ఉండేది రెండు గదులు, మేము లేని చోటు యాడుంది? బాత్రూములో పంపు తిప్పుకుని నిలబడతాది. నేను యాడ పిలుస్తానోనని రెండు నిమిషాలకే మొగం కడుక్కుని వచ్చేస్తాది. నువ్వు అమ్మని యాడికన్నా తీసకపో. ఏడ్చుకుని రానీ."

అవతలి మంచం మీద నుంచి చిన్నవాడు అందుకున్నాడు. "వీళ్లనెవురు చూసుకుంటారు అంటాది. అది కూడా మేం ఆలోచించినాం. నువ్వు నేర్చుకో. నాయన కూడా నేర్చుకోవాల."

వచ్చి ఓదార్చేది నేననుకుంటున్నాను. కదలలేని ఆ ఇద్దరూ మంచాల మీద పడుకుని, వాళ్ల అమ్మ ఎక్కడ ఏడవాలో వారాల తరబడి ఆలోచించుకుంటూ ఉన్నారు.

ఆ రోజునుంచి నేను చదువుకునే పిల్లనయ్యాను. చిన్నవాడే నాకు పాఠం చెప్పాడు. "ముందర మోకాలు మడువు అత్తా. భుజం కింద చెయ్యి పెట్టు. చంకలో చెయ్యేసి లాగబాకు, భుజం ఊడొస్తాది. ఆఁ, ఇప్పుడు నడుం నీ వైపుకి తిప్పుకో. నన్ను బియ్యం మూట అనుకో, భయం పోతాది. ఒకటే తేడా, మూట అరవదు." మొదటిసారి వాడు అరిచాడు కూడా. నేను బెదిరిపోయి వదిలేయబోతే, "వదలబాకు, వదిలితే ఇంకా నొప్పి" అన్నాడు. మింగుడు పడే ముద్ద ఎంత చెయ్యాలో, దిండు చెవి కింద ఎక్కడ ఉండాలో, కాలి మడమ పరుపుకు ఒరుసుకోకుండా ఏం పెట్టాలో ఒక్కొక్కటే నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లుగా వదిన ఇదంతా ముగ్గురికి చేసిందని నాకు తెలుసు. కానీ ఒక మధ్యాహ్నమంతా ఒకరికి చేశాక, నడుం పట్టేసి బస్సులో కూర్చోలేకపోయినప్పుడుగానీ అది నా ఒంటికి తెలియలేదు.

అన్నకు ఇంకా కష్టమైంది. వారంలో అయిదు రోజులు పడవ మీదే ఉండేవాడు. పిల్లల్ని ఆసుపత్రికి ఎత్తుకుపోవడం తెలుసు తప్ప, మంచం దగ్గర పని ఎప్పుడూ వదినదే. "నా చేతులు మోటువి, బిడ్డకి నొప్పి చేస్తానేమో" అని గుమ్మం దగ్గరే ఆగేవాడు. "వల ముడులు వేసే చేతులే గదా నాయనా, నా జడ వెయ్యలేవా?" అంది పాప. అన్న జడ వేశాడు. అది వల తాడులాగే బిగుసుకుపోయింది. పాప సాయంత్రందాకా విప్పనివ్వలేదు.

వదిన మాత్రం కదలదు. గుమ్మంలో నిలబడి మేం చేసే ప్రతి పనీ చూసేది. "అట్ట కాదు, ఆ చెయ్యి ఈ పక్క" అనేది. ఒకసారి అంగడికి వెళ్లొస్తానని వెళ్లి, సగం దారి నుంచే తిరిగొచ్చింది. ఏం మరిచిపోయావంటే ఏమీ లేదంది.

చలి తగ్గిన ఒక ఆదివారం మధ్యాహ్నం పాప చిన్న చేపల కోసం పేచీ పెట్టింది. "నాకు నెత్తళ్ల వేపుడు కావాల. ఒడ్డున అలివి వల లాగతాండారంట. నువ్వూ అత్తా పోయి తీసకరండి."

"మీ నాయన తెస్తాడులే."

"నాయన ఈడుండాల. నువ్వు పో అమ్మా."

వదిన నా వంక చూసింది. నేను చెప్పులు వేసుకున్నాను. అన్న లుంగీ ఎగగట్టి చిన్నవాడి మంచం పక్కన, పరీక్షకు కూర్చున్నవాడిలా కూర్చున్నాడు.

మా ఇంటికీ ఒడ్డుకీ మధ్య రెండు వీధులు, ఒక సరుగుడు తోపు, అంతే. పడుకుంటే అలల చప్పుడు వినిపించే దూరం. అయినా వదిన ఒడ్డుకు వచ్చి తొమ్మిదేళ్లయిందని దారిలో చెప్పింది. ఫోను గుప్పిట్లో పట్టుకుని నడిచింది. తోపు దాటేలోపు మూడుసార్లు వెనక్కి చూసింది. ఒడ్డున పాతికమంది రెండు వరసలుగా నిలబడి, నీళ్లలో పరిచిన పెద్ద అలివి వలను తాళ్లు పట్టి లాగుతున్నారు. మేం కాస్త దూరంగా, బోర్లించిన పడవ నీడలో కూర్చున్నాం.

నాకు ఏదో ఒకటి మాట్లాడాలనిపిస్తూనే ఉంది. అలవాటు. నోరు కట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ఆమే అంది:

"ఒక మాట చెప్తా అమ్మణ్ణీ. ఎవురికీ చెప్పబాకు."

"చెప్పను." ఇప్పుడు రాస్తున్నానంటే, ఈ మధ్య ఆమే రాసుకోమంది కనుక.

"పెద్దోణ్ణి ఇంటికి తెచ్చి పడుకోబెట్టినారు గదా. పక్కకి తిప్పే టైమైందని నా చేతులు లేచినాయి. లేచి, ఇంక పన్లేదని తెలిసి ఆగిపోయినాయి. అప్పుడు నా నడుం తేలికైంది. నిజంగానే తేలికైంది. బిడ్డ పోతే యే తల్లికన్నా ఒళ్లు తేలికవతాదా?"

బస్సు దారిలో విన్న మాట గుర్తొచ్చింది. అందరికీ అంతేలే అనడం సులువే. అనలేదు. "ఇంకా అట్నే ఉండాదా వదినా?" అని అడిగాను.

"లా. రెండ్రోజులే. ఆ తర్వాత ఆ బరువు కావాలని ఒకటే ఇదిగా ఉండాది. మంచం మీద నించి ఎత్తేటప్పుడు వాడి తల వచ్చి నా భుజం మీద పడేది చూడు. ఈ పక్క. మెడ దగ్గర వాడి ఊపిరి తగిలేది. చిన్నోడు బక్కోడు, పాప తల ఆ పక్కన పెడతాది. ఈ పక్క ఉత్తగా ఉండాది. రోజుకి పదిసార్లన్నా ఈడ తడుంకుంటా ఉంటా."

ఎడమ భుజం చూపించింది. అక్కడ జాకెట్టు గుడ్డ పలచబడి ఉంది.

"మరి ఏడవచ్చు గదా వదినా?"

"ఎట్ట ఏడ్చేది? వాళ్లిద్దరూ చూస్తా ఉంటారు. వాడి కోసం నేను ఏడిస్తే, రేపు తమ కోసం అమ్మ ఎట్ట ఏడుస్తాదో ఈరోజే చూసుకున్నట్టు గదా? బతికుండే బిడ్డలకి అది చూపించమంటావా?"

ఇక దాచలేకపోయాను. "వాళ్లకి అన్నీ తెలుసు వదినా. నిన్ను పంపించింది నెత్తళ్ల కోసం కాదు. ఏడ్చుకుని రమ్మనే పంపించినారు. నాలుగు నెలల నించి ఇదే పనిగా ఉండారు ఇద్దరూ."

వదిన నన్ను నమ్మనట్టు చూసింది. పెదవులు బిగించింది. తర్వాత గొంతులోంచి దగ్గులాంటి చప్పుడొకటి వచ్చింది. అది ఏడుపని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. ఇసుకలో రెండు చేతులూ గుచ్చి, పేగులు కదిలేట్టు ఏడ్చింది. "నాయనా, నా పెద్దోడా" అని పిలిచింది. వల లాగేవాళ్లు తిరిగి చూశారు. వరస చివర ఉన్న ముసలాయన అందరినీ సముద్రం వైపు తిరగమని సైగ చేసి, లాగే కేక ఇంకాస్త పెంచాడు. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. అలా ఎంతసేపు ఉన్నామో చెప్పలేను. వల మొత్తం ఒడ్డుకొచ్చి, చేపలు పంచుకుని మనుషులు వెళ్లిపోయారు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటుంటే, నాకూ నోరు ఆగలేదు. "వదినా, చిన్నప్పుడు నువ్వే కావాలని అన్నం మానేసినా. నేను ఆ పంతం పట్టకుండా ఉంటే నువ్వు వేరే ఇంటికి పోయుండేదానివి. పిల్లలకి ఈ జబ్బు..."

"ఏందీ?" అంది. ఆ ఏడుపు మొహంతోనే నన్ను వింతగా చూసింది. "నీ అన్నం కోసరమా మా పెళ్లి అయ్యింది? అంతకు ముందేడు తిరునాళ్లలో మీ అన్న నాకు గాజులు కొనిచ్చినాడు. మా అమ్మకి తెలీకుండా బియ్యం డబ్బాలో దాచిపెట్టుకున్నా. నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసు?"

ముప్పై ఎనిమిదేళ్లు మోశాను ఆ పంతాన్ని.

"వేరే ఇంటికి పోతే వేరే పిల్లలు పుట్టేవోళ్లు. వీళ్లు కాదు గదా. నాకు వీళ్లే కావాల. జబ్బు వద్దు. వీళ్లు కావాల. అంతే" అని లేచి చీర దులుపుకుంది.

ఇంటికి వచ్చేసరికి అన్న చెమటతో తడిసిపోయి ఉన్నాడు. చిన్నవాడి దిండు జారి నేల మీద ఉంది. పొయ్యి మీద గంజి పొంగి అడుగంటింది. పిల్లలిద్దరూ బాగానే ఉన్నారు. చిన్నవాడు వదిన మొహం చూసి, "ఏం మా, కళ్లల్లో ఇసుక పడిందా?" అన్నాడు.

"పడింది రా అబ్బయా. బాగా పడింది."

"నెత్తళ్లేవి?" అంది పాప.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చేపలు ఒడ్డునే పంచుకుపోయారు, మేం చూడను కూడా లేదు. ముందు అన్న నవ్వాడు. తర్వాత అందరం. వదిన మంచం పట్టె మీద కూర్చుని, ఆ రోజు మొదటిసారి పెద్దవాడి మాట ఇంట్లో ఎత్తింది. నెత్తళ్లంటే వాడికి పాణమని, తలలతో సహా నమిలేవాడని. పాప వెంటనే అందుకుంది, వాడు ఎవరి వాటా ఎలా కొట్టేసేవాడో. చాలాసేపు వాడి గురించే మాట్లాడుకున్నారు. వింటూ నేను బస్సు వదిలేసుకున్నాను.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం వదినది. ఒక్కోసారి ఏడుస్తుంది, ఒక్కోసారి ఊరికే కూర్చుంటుంది. ఒకసారి ఇసుకలోనే నిద్రపోయింది, నేను ఎండ పడకుండా అడ్డంగా కూర్చున్నాను. అన్న దూరం వేట మానుకున్నాడు. ఇంటి ముందర వలలు బాగుచేసుకుంటూ ఉంటాడు, పిలిస్తే లోపలికి వెళ్తాడు. జడ కూడా ఇప్పుడు వదులుగానే వేస్తున్నాడు. వీటివల్ల జబ్బేమీ ఆగలేదు. చిన్నవాడికి పడుకునేటప్పుడు ఊపిరి మిషను పెట్టాల్సి వస్తోంది. పాప చేతుల్లో వేళ్లు మాత్రమే కదులుతున్నాయి. వదిన పాత నవ్వు నేను మళ్లీ వినలేదు. క్యారియరు సర్దుతూ నవ్విన ఆ ఇరవయ్యేళ్ల పిల్ల కోసం నాకు చాలా బెంగగా ఉంటుంది. ఆ బెంగ ఆమెకు చెప్పుకోలేను. ఆమె బెంగ ముందు అది చిన్నది.

పెద్దవాడి సంవత్సరీకం నాడు పది మందిమే ఉన్నాం. పటానికి దండ వేయబోయి వదిన అక్కడే, నట్టింట్లోనే కూలబడింది. ఒడ్డుకు పోలేదు, పంపు తిప్పుకోలేదు. పిల్లల మంచాల మధ్య నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. నేను లేపబోతే పాప వద్దంది.

"లేపబాకత్తా. నన్ను కొంచెం అంచుకి జరుపు. నా చెయ్యి తీసి అమ్మ తల మీద పెట్టు."

నేర్చుకున్న ప్రకారం మోకాలు మడిచి, భుజం కింద చెయ్యి పెట్టి జరిపాను. పాప చెయ్యి ఎత్తి వదిన తల మీద ఉంచాను. జారిపోకుండా మణికట్టు దగ్గర పట్టుకున్నాను. వేళ్లు మాత్రం పాపే కదిలించింది, జుట్టులో మెల్లగా. వదిన తల ఎత్తలేదు. ఏడుపు ఆగేదాకా మేం ముగ్గురం అలాగే ఉన్నాం. నా చెయ్యి తిమ్మిరెక్కింది. తర్వాత ఆమె ముక్కు చీదుకుని, గోడ గడియారం చూసి, చిన్నవాణ్ణి పక్కకి తిప్పడానికి లేచింది.